తెలియని పేర్లే తేల్చేస్తాయి

అమెరికన్ ఫుట్‌బాల్ పాత జట్ల సంతకాలున్న బంతుల కోసం అక్కడి అభిమానులు అటకలు వెతుకుతారు, వేలంపాటల్లో పోటీ పడతారు. వాటిలో నకిలీలకు కొదవ లేదు. అసలు బంతిని పట్టిచ్చేది చాలాసార్లు మహా ఆటగాడి సంతకం కాదు, ఆ జట్టులో ఎవరికీ గుర్తులేని మనిషి సంతకం.

చక్ మెర్సీన్ పేరు అమెరికాలోనే ఈ తరానికి పెద్దగా తెలియదు. 1967లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు అతన్ని వద్దనుకుంది. ఆ నవంబరులో గ్రీన్‌ బే ప్యాకర్స్‌కు ఒకే మ్యాచ్‌లో రెండు దెబ్బలు తగిలాయి. బంతి పట్టుకుని పరుగెత్తే ఎలైజా పిట్స్, జిమ్ గ్రబౌస్కీ ఇద్దరూ గాయపడ్డారు. ఆ ఖాళీలో కోచ్ విన్స్ లొంబార్డి తెచ్చుకున్న మనిషి మెర్సీన్.

డిసెంబరు 31న ప్యాకర్స్ సొంతగడ్డ ల్యాంబో ఫీల్డ్‌లో డల్లాస్ కౌబాయ్స్‌తో చాంపియన్‌షిప్ మ్యాచ్. మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలి. మైదానం అడుగున నేలను వెచ్చగా ఉంచే ఏర్పాటు పనిచేయక గడ్డి రాయిలా గడ్డకట్టింది. లోహపు విజిల్ పెదవికి అంటుకుపోవడంతో అంపైర్లు ఆ తర్వాత నోటితోనే అరుస్తూ ఆట నడిపారు. కౌబాయ్స్ 17-14తో ముందున్నారు. నాలుగు నిమిషాల యాభై సెకన్లు మిగిలి ఉండగా ప్యాకర్స్ చేతికి బంతి వచ్చింది. వెళ్లాల్సిన దూరం 68 గజాలు. అందులో 34 గజాలు మెర్సీన్ ఒక్కడే లాక్కొచ్చాడు. 16 సెకన్లు ఉన్నాయనగా, దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ గీత దాటి పడ్డాడు. 21-17తో ప్యాకర్స్ గెలిచారు. అమెరికా ఆ మ్యాచ్‌ను ఐస్‌ బౌల్ అంటుంది. అందరికీ గుర్తుండిపోయింది స్టార్.

ఇప్పుడు ‘1967 ప్యాకర్స్ జట్టు మొత్తం సంతకం చేసిన బంతి’ అంటూ ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. అనుభవం లేనివాళ్లు ముందు స్టార్ సంతకం ఎక్కడుందో వెతుకుతారు. తలపండిన సేకర్తలు మెర్సీన్ కోసం వెతుకుతారు. అది కనబడితే ఆ బంతి చేతులు మారి సంతకాలు పడింది ఆ నవంబరు తర్వాతేనని తేలిపోతుంది. పక్కనే పాల్ హార్నంగ్, జిమ్ టేలర్ సంతకాలు కూడా ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. వాళ్లిద్దరూ ప్యాకర్స్‌కు మూలస్తంభాలే. కానీ 1967 సీజన్ మొదలయ్యేసరికే టేలర్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు వెళ్లిపోయాడు. హార్నంగ్‌ను అదే సెయింట్స్ ఎంచుకున్నా, మెడ గాయంతో ఆట మానేశాడు. మెర్సీన్, హార్నంగ్ ఒకే ప్యాకర్స్ జట్టులో ఒక్కరోజు కూడా లేరు. అలాగే హార్నంగ్‌తోపాటు డానీ ఆండర్సన్ కూడా ఉంటే అది 1966 సీజన్, అంటే మొట్టమొదటి సూపర్‌బౌల్ గెలిచిన జట్టు. ఎందుకంటే ఆండర్సన్ ఆ ఏడాదే జట్టులో చేరాడు, హార్నంగ్ ఆ ఏడాదితోనే వెళ్లిపోయాడు.

ఒక్క సంతకం విలువ సంతకం చేసినవాడి పేరును బట్టి ఉంటుంది. జట్టు సంతకాల విలువ వాళ్లంతా ఒకచోట ఉన్న ఆ కొద్ది నెలలను బట్టి ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లే ఎక్కువగా మోసపోతారు.

మనకు సులువుగా అర్థం కావాలంటే 1983 ప్రపంచకప్ క్రికెట్ జట్టు సంతకాలున్న బ్యాటు చాలు. కపిల్, గవాస్కర్, మొహిందర్ పేర్లు అందరూ చూస్తారు. సునీల్ వాల్సన్ ఆ 14 మందిలో ఉన్నాడు, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నకిలీ చేసేవాడికి వాల్సన్ గుర్తుకు రాడు. అసలు బ్యాటు మీద అతని సంతకం కోసం కూడా చోటుంటుంది.

బంతే మొదటి సాక్షి

సంతకాల దాకా వెళ్లకముందు బంతిని చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. 1941 నుంచి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ వాడుతున్నది విల్సన్ కంపెనీ బంతి. 1955 నుంచి అది ఒహాయో రాష్ట్రంలో ఏడా అనే చిన్న ఊళ్లో తయారవుతోంది. తోలు షికాగోలోని హార్వీన్ కంపెనీది. 1941 నుంచి 1969 దాకా ఆ బంతి మీద ‘ది డ్యూక్’ అనే పేరు ఉండేది. జెయింట్స్ యజమాని టిమ్ మారా కొడుకు వెల్లింగ్టన్‌ను ఆటగాళ్లు చిన్నప్పటి నుంచి డ్యూక్ అనేవారు, ఆ పేరే బంతికి పెట్టారు. 1970లో పోటీ లీగ్ ఇందులో కలిసిపోయాక పేరు తీసేశారు. 2006లో మళ్లీ తెచ్చారు.

ఇంకో ఆనవాలు లీగ్ కమిషనర్ పేరు. ప్రతి అధికారిక బంతి మీదా అప్పటి కమిషనర్ సంతకం ముద్రిస్తారు. 1946 నుంచి 1959 దాకా బెర్ట్ బెల్. 1960 నుంచి 1989 దాకా పీట్ రోజెల్. తర్వాత 2006 దాకా పాల్ టాగ్లియాబూ. ఇక లొంబార్డి 1970 సెప్టెంబరు 3న పేగు క్యాన్సర్‌తో 57 ఏళ్లకే కన్నుమూశాడు. సూపర్‌బౌల్ ట్రోఫీకి ఆయన పేరు పెట్టింది ఆ తర్వాతే. కాబట్టి టాగ్లియాబూ పేరున్న బంతి మీద లొంబార్డి సంతకం కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, కింద పెట్టేయవచ్చు. ఇంత పచ్చిగా దొరికిపోయే నకిలీలను కూడా కొనేవాళ్లున్నారంటే, బంతి కంటే ముందు సంతకం మీద కన్ను పడటమే కారణం.

పోటీ లీగ్ అయిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ 1969 దాకా విడిగా నడిచింది. దాని బంతి స్పాల్డింగ్ కంపెనీ తయారుచేసిన జే5-వీ. 1967 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మొదటి సూపర్‌బౌల్‌లో ప్యాకర్స్ దాడి చేసేటప్పుడు విల్సన్ బంతి, కాన్సస్ సిటీ చీఫ్స్ దాడి చేసేటప్పుడు స్పాల్డింగ్ బంతి వాడారు. ఒకే మ్యాచ్, రెండు కంపెనీల బంతులు. జో నేమత్ ఉన్న 1968 న్యూయార్క్ జెట్స్ సంతకాల బంతి విల్సన్‌దైతే అమ్మేవాణ్ని ఓ ప్రశ్న వేయాలి. అంతమాత్రాన నకిలీ అని తీర్పు ఇవ్వకూడదు. అప్పట్లో పిల్లలు దుకాణంలో కొన్న ఏదో ఒక బంతి పట్టుకుని శిక్షణ శిబిరం గేటు దగ్గర నిలబడేవారు. అలాంటి సాదా బంతుల మీదే కొన్నిసార్లు అచ్చమైన సంతకాలు దొరుకుతాయి.

ఇంకు చెప్పే కాలం

పెన్నుకు కూడా పుట్టినరోజు ఉంటుంది. బాల్‌పెన్ అమెరికా దుకాణాల్లో తొలిసారి అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరులో. న్యూయార్క్‌లోని గింబెల్స్ దుకాణం ముందు జనం బారులు తీరారు. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. షికాగో బేర్స్ 1940 డిసెంబరులో వాషింగ్టన్‌ను 73-0తో చిత్తుచేసిన జట్టు సంతకాలు అంటూ బాల్‌పెన్ గీతలు చూపిస్తే నమ్మలేం. ఆ కాలంలో రాయాల్సింది ఇంకు పెన్నుతో. తోలు మీద ఆ ఇంకు కొంచెం పారుతుంది, అంచుల్లో తేలిపోతుంది, గోధుమరంగులోకి మారుతుంది. పాత బంతి మీద సంతకాలన్నీ ఒకే నలుపుతో, ఒకే ముదురుతో మెరిసిపోతుంటే సంతోషించాల్సింది ఏమీ లేదు.

ముదురు రంగు తోలు మీద సంతకం ఎలాగూ సరిగా ఆనదు. అందుకే తర్వాతి కాలంలో సంతకాల కోసమే తెల్లటి పలకలు కుట్టిన బంతులు వచ్చాయి. చూడటానికి అవి బాగుంటాయి. పాతకాలపు గోధుమరంగు బంతిని కిటికీ వెలుగులో వాలుగా పట్టుకుంటే, ఇంకు పూర్తిగా వెలిసిపోయినా పెన్ను మొన తోలులో చేసిన గాడి కనిపిస్తుంది. వరుస తప్పిన పేర్లు, కుట్టు దగ్గర చోటు చాలక వంగిపోయిన అక్షరాలు, ఒకరి సంతకం చివర మీదుగా ఇంకొకరిది ఎక్కిన చోటు, బంతిని తలకిందులుగా పట్టుకుని చేసిన సంతకం. దుస్తులు మార్చుకునే గదిలో చేతి నుంచి చేతికి తిరిగిన బంతి ఇలాగే ఉంటుంది. నలభై మంది ఒకే దిక్కుకు, ఒకే ఎడంతో పద్ధతిగా సంతకాలు చేశారంటే నేను నమ్మను.

అన్నీ మోసాలే కావు

చాలా ఇళ్లల్లో ఉండేవి అసలు సంతకాలే కావు, అచ్చు సంతకాలు. జట్లు జ్ఞాపికలుగా అమ్మిన బంతుల మీద ఆటగాళ్ల సంతకాలను ముద్రించేవారు. తాతయ్య చిన్నప్పుడు కొనుక్కున్న అలాంటి బంతిని మనవలు నిజమైన సంతకాల బంతి అనుకుని వేలానికి తెస్తారు. భూతద్దం పెడితే తెలిసిపోతుంది. అచ్చులో గీత మందం ఎక్కడా మారదు, పెన్ను ఎత్తిన గుర్తు ఉండదు, ఒక సంతకం మీద ఇంకొకటి ఎక్కదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆశపడ్డ కుటుంబానికి నిజం చెప్పాల్సి రావడమే బాధ.

రెండోది ఇంకా సున్నితమైన విషయం. పేరున్న ఆటగాళ్లకు, కోచ్‌లకు సంతకాల ఒత్తిడి ఎక్కువ. వాళ్ల తరఫున సామగ్రి చూసే సిబ్బందో, ఆఫీసులో కార్యదర్శో సంతకం పెట్టేయడం అన్ని ఆటల్లోనూ ఉన్న పాత అలవాటు. అలాంటి బంతి మీద 39 సంతకాలు అచ్చమైనవై, అందరూ కోరుకునే ఆ ఒక్కటీ మరొకరి చేతిదై ఉండవచ్చు. నా దృష్టిలో అలాంటి బంతి పారేయాల్సింది కాదు. ఆ మాట దాచకుండా చెప్పి అమ్మితే అది కూడా ఆ జట్టు చరిత్రలో భాగమే. దాచితేనే మోసం.

ఇక అసలైన మోసం సంగతి. 1990ల చివర్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దక్షిణ కాలిఫోర్నియాలో పెద్ద నకిలీ సంతకాల ముఠాను పట్టుకుంది. శాన్‌డియేగో బేస్‌బాల్ జట్టు దుకాణంలో తన పేరుతో ఉన్న నకిలీ సంతకాలను అక్కడి ఆటగాడు టోనీ గ్విన్ స్వయంగా గుర్తుపట్టి చెప్పడం ఆ దర్యాప్తుకు తోడ్పడింది. ఆ కాలంలో గిరాకీ ఎక్కువున్న సంతకాల్లో సగానికి పైగా నకిలీలేనని పరిశ్రమలో, దర్యాప్తు అధికారుల్లో కొందరి అంచనా. ముఠా దగ్గర దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసినట్టున్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. కలకత్తాలో రోగుల మధ్య బతికిన ఆమె బేస్‌బాల్ మీద ఎందుకు సంతకం చేస్తుందని కొన్నవాళ్లు ఆలోచించలేదు.

ఆ దెబ్బ తర్వాత సంతకాలను పరిశీలించి ధ్రువపత్రం ఇచ్చే సంస్థలకు గిరాకీ పెరిగింది. పీఎస్‌ఏ/డీఎన్‌ఏ 1998లో వచ్చింది, జేమ్స్ స్పెన్స్ సంస్థ 2005లో. బెకెట్ కూడా ఈ పనిలో ఉంది. వాటి పత్రం లేని బంతికి ఇప్పుడు పెద్ద వేలంపాటల్లో చోటు దొరకడం కష్టం. పత్రం ఉండటం మంచిదే. అయినా అది నిపుణుడి అభిప్రాయమే. పత్రం మీద ఏయే పేర్లు పరిశీలించారో రాసి ఉందా, ఒక్క ముఖ్యుడి పేరే ఉందా, మొత్తం బంతికి వర్తిస్తుందా అన్నది చదవాలి. చాలామంది హోలోగ్రామ్ స్టిక్కర్ చూసి సరిపెట్టుకుంటారు.

అరుదైన చేతులు

1960లలో ప్యాకర్స్ జట్టులో హెన్రీ జోర్డన్ రక్షణ వరుసలో ఆడేవాడు. 1977లో 42 ఏళ్లకే చనిపోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం 1995లో గానీ రాలేదు. బార్ట్ స్టార్ 2019 దాకా బతికాడు, దశాబ్దాల పాటు అడిగినవాళ్లకు సంతకం చేస్తూనే వచ్చాడు. అందువల్ల విడిగా స్టార్ సంతకం దొరకడం కష్టమేమీ కాదు. జోర్డన్ సంతకాలు మాత్రం 1977తోనే ఆగిపోయాయి. బలమైన జట్టు బంతి విలువ చాలాసార్లు ఇలాంటి పేర్ల దగ్గరే పెరుగుతుంది.

ట్రావిస్ విలియమ్స్ కథ ఇంకా మనసు పిండేస్తుంది. 1967లో కొత్తగా జట్టులోకి వచ్చాడు. ఆ ఒక్క సీజన్‌లో ప్రత్యర్థి తన్నిన కిక్‌ఆఫ్‌ను అందుకుని నాలుగుసార్లు అవతలి గీత దాకా పరుగెత్తాడు. అది లీగ్ రికార్డు. చివరి రోజుల్లో ఇల్లు కూడా లేక కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో తిరిగాడు. 1991లో 45 ఏళ్లకే పోయాడు. 1967 బంతి మీద అతని సంతకం కుర్రవాడి చేతిరాత. ఆ బంతిని చూపించేవాళ్లు స్టార్ గురించి, లొంబార్డి గురించి చెబుతారు. విలియమ్స్ గురించి కూడా చెప్పాలని నా కోరిక.

షికాగో బేర్స్‌లో బ్రయాన్ పికోలో 1970లో 26 ఏళ్లకే క్యాన్సర్‌తో మరణించాడు. అతనికీ సహచరుడు గేల్ సేయర్స్‌కూ ఉన్న స్నేహం మరుసటి ఏడాది టీవీ సినిమా అయింది. 1960ల నాటి బేర్స్ బంతి మీద పికోలో పేరు ఉంటే ధర వేరుగా ఉంటుంది. బాల్టిమోర్ కోల్ట్స్‌కు ఆడిన ‘బిగ్ డాడీ’ లిప్స్‌కమ్ 1963లో 31 ఏళ్లకే పోయాడు. 1958 డిసెంబరు 28న యాంకీ స్టేడియంలో అదనపు సమయం దాకా వెళ్లి జెయింట్స్‌ను 23-17తో ఓడించిన జట్టులో అతనొకడు. ఆ మ్యాచ్‌ను ఇప్పటికీ గొప్ప మ్యాచ్‌లలో ఒకటిగా చెబుతారు.

అదే మ్యాచ్‌లో ఓడిన జట్టు సంతకాలున్న కాగితం గెలిచినవాళ్ల బంతికంటే నన్ను ఎక్కువగా లాగుతుంది. అప్పటి జెయింట్స్ హెడ్ కోచ్ జిమ్ లీ హోవెల్. ఆయన కింద దాడి విభాగం చూసినవాడు విన్స్ లొంబార్డి, రక్షణ విభాగం చూసినవాడు టామ్ లాండ్రీ. ఒకరు గ్రీన్‌ బేలో, ఇంకొకరు డల్లాస్‌లో తర్వాతి దశాబ్దాన్ని ఏలారు. ఐస్‌ బౌల్‌లో ఎదురెదురుగా నిలబడింది కూడా వీళ్లే. 1954 నుంచి 1958 దాకా జెయింట్స్ జట్టు సంతకాలున్న కాగితం మీద ఆ ఇద్దరి పేర్లూ సహాయ కోచ్‌లుగా, ఆటగాళ్ల పేర్ల మధ్య మామూలుగా దొరకవచ్చు. హోటల్ లెటర్‌హెడ్ మీదో, మ్యాచ్ కార్యక్రమ పత్రం మీదో చేసిన సంతకాలు తోలు మీద వాటికంటే బాగా నిలుస్తాయి. బంతి కోసం ఎగబడే సేకర్తలు కాగితాలను చిన్నచూపు చూడటం నాకు అర్థం కాదు.

పాత జట్టు ఏళ్ల తర్వాత కలిసినప్పుడు సంతకాలు చేసిన కలయిక బంతులు వేరు. 1972 మయామి డాల్ఫిన్స్ 17 మ్యాచ్‌లకు 17 గెలిచింది. సూపర్‌బౌల్ దాకా ఒక్కటీ ఓడకుండా సీజన్ ముగించిన జట్టు అదొక్కటే. ఆ ఆటగాళ్లు తర్వాతి దశాబ్దాల్లో కలుసుకున్నప్పుడల్లా సంతకాలు చేశారు. వాటికి విలువ లేదని కాదు. అప్పటికి పోయినవాళ్ల పేర్లు వాటి మీద ఉండవు. ఆ సీజన్‌లోనే చేసిన బంతి అంటే ముందు ఎర్ల్ మోరల్‌ను వెతకాలి. క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విరిగాక జట్టును చాలా మ్యాచ్‌లలో నడిపింది 38 ఏళ్ల మోరలే. 1972 బంతి అంటూ ఇచ్చినదాని మీద గ్రీసీ ఉండి మోరల్ లేకపోతే అడగాలి, ఎందుకు లేడని.

దాచుకునేవాళ్లకు

పాత బంతిలో గాలి తగ్గితే నిండా కొట్టకూడదు. ఆటకు వాడే బంతిలో 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ ఒత్తిడి ఉంటుంది. అరవై ఏళ్ల నాటి తోలు అంత ఒత్తిడిని తట్టుకోలేదు, సంతకం మధ్యలోనే పగులుతుంది. ఆకారం నిలిచేంత గాలి చాలు. ఎండ తగిలే షెల్ఫ్, నేరుగా పడే లైటు పనికిరావు. మెరుపు కోసం వార్నిష్ లాంటివి పూస్తే కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి సంతకాలను మింగేస్తాయి. వెలిసిపోయిన సంతకం మీద మళ్లీ పెన్ను పెట్టడం అన్నిటికంటే ఘోరం. ఆ క్షణమే అది అసలు సంతకం కాకుండా పోతుంది. మన విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లకు తెచ్చుకున్నవాళ్లు తోలుకు బూజు పట్టకుండా గాలి ఆడే చోట ఉంచి, నెలకోసారైనా తీసి చూడాలి.

డల్లాస్ శివారు ఫ్రిస్కోలో మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ‘ది స్టార్’ కూడా 2016 నుంచి అక్కడే. ఆ చుట్టుపక్కల పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు గరాజ్ సేల్‌లో, ఎస్టేట్ సేల్‌లో ఓ పాత బంతి మీ చేతికి రావచ్చు. కొనే ముందు ఆ ఏడాది జట్టు జాబితా ఫోన్‌లో తెరిచి, మీకు తెలియని పేర్లు ముందు వెతకండి. 1960ల చివర్లో జట్టుకు 40 మందే ఉండేవారు కాబట్టి ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. అమ్ముతున్న పెద్దాయన ఆ బంతి తన ఇంటికి ఎలా వచ్చిందో చెబితే, ఎవరు ఇచ్చారు, ఏ ఏడాది, ఏ ఊళ్లో అన్నది ఓ కాగితం మీద ఆయన చేతే రాయించుకుని తేదీ వేయించండి. ఆ కాగితాన్ని బంతితోపాటే ఉంచండి.